పప్పు మాడిన రోజు

పెద్దకర్మ భోజనాల దగ్గర పోయినవాళ్ల వీడియో వేయడం ఇప్పుడు ఆనవాయితీ. అందుకే లాస్య గోడవైపు తిరిగి, "మా అమ్మ హిమబిందు ఉన్నవన్నీ చూపించు" అంది. ఇంట్లో జరిగే ప్రతిదాన్నీ గోడలే వీడియో తీసి, పేర్లు పెట్టి దాచుకుంటాయి. మనిషి మీట కూడా నొక్కక్కర్లేదు, వాడకం అంత సులువైపోయింది.

గోడ ఒక్క దృశ్యమే చూపించింది.

"ముప్పయ్యేళ్లు ఈ ఇంట్లోనే తిరిగింది కదా నాన్నా! మిగతావేవీ?"

కిశోర్ నసిగాడు. "వెతుక్కోవడం తేలికవుతుందని, రోజూ ఒకేలా ఉండేవన్నీ తీసేయమన్నానమ్మా. గిన్నెలు కడగడం, కాఫీ తేవడం, అన్నం వడ్డించడం... వాటితోపాటు మీ అమ్మ కూడా పోతుందని తట్టలేదు."

మిగిలిన ఆ దృశ్యంలో పప్పు మాడిపోయింది. హిమబిందు చెయ్యి కాల్చుకుంటూ గిన్నె దించుతోంది. హాల్లోంచి కిశోర్ అరుపు వినిపించింది: "ఒక్క పనైనా సరిగ్గా చేసి చచ్చావా ఎప్పుడైనా?"

బయట షామియానా కింద విస్తళ్లు వేస్తున్నారు.

"ఇలాంటి తిట్లు రోజూ ఉండేవే. పప్పు మాడడం మాత్రం ఇదొక్కసారే, అందుకే దాచాను" అంది గోడ ఎంతో మర్యాదగా. "భోజనాలప్పుడు వేయమంటారా?"