కొంగున పుట్నాలు

పంజరం తలుపు తీయగానే చిలుక రెక్కలు టపటపా కొట్టుకుంటూ పోయి వెనక ఊచలకు అతుక్కుంది. అనసూయ చెయ్యి వెనక్కి తీసుకుంది. వేలి కొసన రక్తం బొట్టు.

"కరిచిందా?" అడిగాడు భర్త వీరభద్రం.

"బెదిరింది. కోపం కాదు, పాపం భయం."

పెళ్లయి ఇన్నేళ్లయినా మూర పూలు తేని మనిషి వీరభద్రం. హన్మకొండ చౌరస్తాలో బట్టల దుకాణమే ఆయన లోకం. అణాలు పోయి నయాపైసలు వచ్చినా ఆయన నోట ఇంకా అణాలే ఆడేవి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అలాంటిది, అడగకుండానే ఈయన చిలుకను తెచ్చాడు! అనసూయకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు చెమ్మగిల్లాయి.

"అరుణ బడికి పోతే ఒక్కదానివే ఉంటవు గద. తోడుంటదని తెచ్చిన," అన్నాడు.

అరుణ అనసూయ చెల్లెలి కూతురు. చెల్లెలు పోయింది. కాజీపేటలో బొగ్గింజన్ల మీద పనిచేసే తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. సవతి తల్లి పెట్టిన వాత పిల్ల మోచేతి మీద ఇంకా నల్లగా కనిపిస్తూనే ఉంది. పిల్లలు లేని అనసూయ ఆ పిల్లను తెచ్చుకుని గుండెల్లో పెట్టుకుంది. దత్తత తీసుకుందామని వీరభద్రం మాట కూడా ఇచ్చాడు. అత్తకే గిట్టలేదు. "పాండురంగం కొడుకుండంగ పరాయి పిల్ల మనకెందుకు?" అని, తన చిన్నకొడుకు పిల్లవాణ్ని దత్తత తీసుకోమని రోజూ ఒకటే సణుగుడు.

చిలుకతో అనసూయ తొందరపడలేదు. పంజరం పక్కన కూచుని బియ్యం ఏరుకునేది, దానికేసి చూసేది కాదు. చూస్తే వణికేది. ఎరుపు కనిపిస్తే మరీ బెదిరేది. అందుకని ఎర్రచీరలు పెట్టెలో పెట్టేసింది. ఏం చేసినా చెయ్యి దగ్గరికి మాత్రం రాదు.

ఉపాయం చెప్పింది వీరభద్రమే. ధోవతి తానుల మీద అంటించే నీలం లేబుళ్లు ఒక కట్ట తెచ్చిచ్చాడు.

"చేతికి భయపడితే పడనీ. వీటికింద పుట్నాలు పెట్టు. కాయితానికేం భయపడ్తది?"

నిజంగానే పడలేదు. మొదట మెడ చాచి చూసింది. తర్వాత లేబుల్ లేపి కింది పుట్నం లాక్కుంది. పోను పోను నీలం కంటపడితే చాలు, ఉరికొచ్చేది. లేబుల్ దగ్గరి నుంచి చేతి మీదికి, చేతి మీది నుంచి ఒళ్లోకి వచ్చింది. ఆఖరికి అనసూయ కొంగున కట్టుకున్న పుట్నాల ముడిని తానే ముక్కుతో విప్పుకుని తినేంత చనువు.

"పెద్దమ్మా, గిది గూడ నా లెక్కనే నీ కొంగు వట్టుకొని తిరుగుతాంది!" అని అరుణ చప్పట్లు కొట్టేది.

ఒకరోజు అనసూయ అరుణను బడి నుంచి తీసుకొచ్చేసరికి పంజరం తలుపు బార్లా తెరిచి ఉంది. కింద రెండు ఆకుపచ్చ ఈకలు.

"పిల్లి," అన్నాడు వీరభద్రం తల వంచుకుని. "నేను జూసేసరికే గోడ దుంకింది."

ఆ రోజు అనసూయ అన్నం ముట్టలేదు. నన్ను నమ్మి బెదరడం మరిచిపోయింది, ఆ బెదురే ఉంటే బతికేదేమో అని కుళ్లి కుళ్లి ఏడ్చింది. వీరభద్రం పక్కన కూచుని తల నిమిరాడు. చిలుక పోయినా కొంగున పుట్నాలు కట్టడం మాత్రం ఆమె మానలేకపోయింది. వాటిని ఇప్పుడు అరుణ తినేది.

దత్తత గొడవ మళ్లీ లేచింది. అత్త పట్టు విడవదు. అనసూయ వినదు. ఇద్దరి మధ్యా నలిగి నలిగి చివరికి వీరభద్రమే దారి చూపించాడు. చిలుక జోస్యం. దుకాణం పెట్టినా పెళ్లి కుదిర్చినా ఆ ఇంట్లో చిలుక తీసిన బొమ్మే శాసనం.

"నా మాట వద్దు, అమ్మ మాట వద్దు. చిలుక ఏది తీస్తే అదే. ఒప్పుకుంటవా?"

అనసూయ ఆలోచించింది. మనుషులు తేలుస్తామంటే ఒప్పుకునేది కాదు.

"ఒప్పుకుంట. నోరులేని జీవి. దానికి కపటం తెల్వది."

జోస్యం చెప్పే గట్టయ్య వచ్చి వాకిట్లో గుడ్డ పరిచాడు. రెండే బొమ్మలు పెట్టాడు. ఆడపిల్లకు ఎర్రచీర లక్ష్మి. మగపిల్లవాడికి నీలం రంగు బాలకృష్ణుడు. అత్త చేతులు జోడించింది. అనసూయ అరుణను దగ్గరికి లాక్కుని కూచుంది.

గట్టయ్య పంజరం తలుపు ఎత్తాడు. చిలుకలన్నీ ఒక్క తీరే ఉంటాయి. దాన్ని చూడగానే పోయినది గుర్తొచ్చి అనసూయ చూపు మసకబారింది.

చిలుక లక్ష్మి వైపు కన్నెత్తి చూడలేదు. గబగబా నడిచిపోయి కృష్ణుణ్ని ముక్కుతో పైకి లేపింది.

"చూస్తిరా! దేవుడే చెప్పె," అంది అత్త.

"పెద్దమ్మా, నేను కాజీపేటకు పోవాల్నా?" అని అడిగింది అరుణ.

వీరభద్రం పెద్దగా నిట్టూర్చాడు. "మన చేతుల ఏముంది అనసూయా? చిలుక తీసె."

అనసూయ తలూపింది. ఒప్పుకున్నాక వెనక్కిపోయే మనిషి కాదు. తన రాతను తిట్టుకుంది గాని చిలుకను ఒక్కమాట అనలేదు.

"రా, లోపలికి రా," గట్టయ్య గింజ చూపించి పంజరం తట్టాడు.

చిలుక అతని వైపు పోలేదు. కృష్ణుడి బొమ్మ కింద ఒకసారి వెతికి, ఏమీ దొరక్క, నేరుగా వచ్చి అనసూయ ఒళ్లోకెక్కి కొంగుముడి విప్పడం మొదలుపెట్టింది.