అక్క వెలిగించిన దీపం

మొదటి దెబ్బ మోకాలి మీద పడింది.

లైట్‌హౌస్ కాపలాదారు చేతిలో అద్దాలు తుడిచే గుడ్డతో అలాగే మెట్ల మీద కూలబడ్డాడు. ఎదురుగా బావమరిది. చేతిలో పడవ తెడ్డు. బట్టల్లోంచి సముద్రపు నీళ్లు ఇంకా కారుతున్నాయి.

"లే బావా. ఇంకా మొదలే పెట్టలేదు."

రాజుల కాలంలో కట్టిన లైట్‌హౌస్ అది. చుట్టూ రాళ్లు, రాళ్ల చుట్టూ సముద్రం. ఆ దీవి మీద కాపలాదారూ అతని భార్యా తప్ప ఇంకెవరూ ఉండరు. ఎంత అరిచినా వినే దిక్కు లేదు.

రెండో దెబ్బ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గుండ్రటి గోడల మధ్య తిరుగుతూ పైదాకా పోయింది.

"మా అన్న పడవ వచ్చే వేళకి దీపం ఎందుకు ఆరిపోయింది?"

"నాకు తెలీదురా. వెలిగించాకే కిందికి దిగాను. భోంచేసి పైకెళ్లేసరికి ఆరిపోయి ఉంది. నూనె ఉంది, వత్తి బాగానే ఉంది. మళ్లీ వెలిగించేలోపే పడవ..."

"దానంతటదే ఆరిపోయిందా?"

 పెద్ద బావమరిది పోయిన దగ్గర్నుంచీ కాపలాదారు తనను తాను అడుగుతున్న ప్రశ్న కూడా అదే.

బావమరిది అతని చొక్కా పట్టి లేపి తలను గోడకేసి కొట్టాడు. తెల్లటి సున్నం మీద ఎర్రటి చార కిందికి జారింది.

వంటగదిలోంచి అక్క పరుగున వచ్చింది. తెడ్డుకు అడ్డం పడింది.

"ఆయన కాదురా! వదులు. నా మాట విను."

"మొగుణ్ని వెనకేసుకు రాకక్కా. అన్న శవాన్ని ఒడ్డుకు లాగింది నేను. మొహం లేదు. నడుముకున్న బెల్టు చూసి అన్నే అనుకున్నాం."

అక్క ఇంకేదో చెప్పబోయి నోరు మూసుకుంది.

"నువ్వు వీడితో లేచొచ్చిన రోజే నిన్ను మర్చిపొమ్మని అందరూ అన్నారు. అన్న ఒక్కడే వినలేదు. వీడి పీక కోసి అయినా నిన్ను ఇంటికి తెస్తానని బయల్దేరాడు. చివరికి తనే ఇంటికి రాలేదు."

అక్కను పక్కకు తోసేశాడు. బావ కుడిచేతిని మెట్టు అంచున పెట్టి, తెడ్డు నిలువుగా ఎత్తి దించాడు. వేళ్లు నలిగాయి. కాపలాదారు మెట్ల మీంచి నేల మీదికి జారిపోయాడు.

మళ్లీ తెడ్డు ఎత్తిన తమ్ముడు ఈసారి దించలేకపోయాడు. మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

అక్క నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాడు. ఆమె కింద కూర్చుని, అద్దాలు తుడిచే గుడ్డతోనే భర్త చేతికి కట్టు కట్టింది.

"ఇంతటితో వదిలెయ్‌రా. ఆయన్ని తీసుకుని ఎటైనా పోతాను. మళ్లీ మీ కంటపడం."

"ఎటు పోతావు? తెల్లారేసరికి చిన్నాన్ననీ ఆయన కొడుకుల్నీ తీసుకొస్తా. వీణ్ని ఇక్కడే పాతేసి నిన్ను ఇంటికి తీసుకుపోతాం. అన్న మొదలెట్టిన పని నేను పూర్తిచేస్తా."

"వాళ్లకి చెప్పే వచ్చావా?"

"లేదు. ఎవరికీ చెప్పలేదు. నా చేత్తోనే అయిపోవాలనుకున్నా. నీ మొహం చూస్తుంటే చెయ్యి ఆడటం లేదు."

అక్క అతని తడి జుట్టు నుదుటి మీది నుంచి వెనక్కి తోసింది.

బయట పొద్దు వాలి చీకటి పడుతోంది. గాలికి అలలు పెద్దవవుతున్నాయి. తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"రాళ్లు దాటేదాకా దీపం ఉండాలి. వీడు ఎలాగూ లేవలేడు. నీకు వెలిగించడం వచ్చా?"

"ఈ గోడల మధ్య కాపురం చేస్తూ అది కూడా రాకపోతే ఎలారా? నువ్వు పద."

నేల మీద పడివున్న కాపలాదారు, భార్య చీర అంచు పట్టుకున్నాడు. పెదాల మీద నెత్తురు బుడగలు కడుతోంది.

"దీపం పక్కనే ఉండు. మళ్లీ ఆరిపోతుందేమో. వాడు దాటేదాకా కళ్లు తిప్పకు."

తమ్ముడు ఆ మాట విన్నాడు. ఉమ్మేసి బయటికి నడిచాడు.

అక్క మెట్లెక్కింది. కాసేపటికి పైన అద్దాల గది పసుప్పచ్చగా వెలిగింది. నీళ్ల మీద వెలుగు బాటలా పరుచుకుంది.

తెడ్డు వేసేవాడి మొహం ఎప్పుడూ వదిలొచ్చిన ఒడ్డు వైపే ఉంటుంది. దీపం పక్కన నిలబడ్డ అక్క అతనికి కనిపిస్తూనే ఉంది. చిన్నప్పుడు బడి నుంచి ఆలస్యంగా వస్తే ఇలాగే గుమ్మంలో నిలబడి ఎదురుచూసేది. అతని కళ్లు మసకబారాయి. తెడ్డు ఒళ్లో పెట్టుకుని చెయ్యి ఊపాడు.

అక్క కూడా ఊపింది.

పడవ సరిగ్గా రాళ్ల మధ్యకు చేరేదాకా ఆగి, ఆ రోజు అన్న పడవకు చేసినట్టే, అక్క దీపం ఆర్పేసింది.