మిగిలిన సగం

"సగం దూరం వచ్చేశాం. ఇక్కడ కాసేపు ఆగుదామమ్మా" అంటూ లెక్కల మాస్టారు వాకర్ మీద బరువంతా మోపి నిలబడిపోయారు.

ఫిజియోథెరపిస్టు పైకి నవ్వుతూ సరేనంది. ఆసుపత్రి వరండా చివరి గదిలో జబ్బుతో ఉన్న మాస్టారి భార్య తెల్లవారుజామున కన్నుమూసింది. తుంటి ఆపరేషనై అదే ఆసుపత్రిలో ఉన్న ఆయనకు ఆ సంగతి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నాన్నను ఎలాగోలా అమ్మ గది దాకా తీసుకొస్తే చాలు, అక్కడ తానే చెప్పుకుంటానని కూతురు చేతులు పట్టుకుని బతిమాలింది. చక్రాల కుర్చీ తెస్తే ఆయన వద్దన్నారు. నడిచే వస్తానన్నారు.

నాలుగడుగులు వేసి మళ్లీ ఆగారు. మిగిలినదాంట్లో సగం అయిందన్నారు. పూర్వం ఒక తత్వవేత్త వేసిన చిక్కుముడి ఇదని పాఠం మొదలుపెట్టారు. ఎక్కడికి చేరాలన్నా ముందు సగం దూరం నడవాలి. తర్వాత మిగిలినదాంట్లో సగం, ఆపైన అందులో సగం. ఎన్ని సగాలు దాటినా ముందర ఇంకో సగం ఉండనే ఉంటుంది. ఆ లెక్కన నడిచేవాడు ఎప్పటికీ చేరడు.

"మరి జనం రోజూ ఇళ్లకు చేరుతూనే ఉన్నారు కదండీ?"

"చేరుతారని అందరికీ తెలుసమ్మా. ఎలా చేరుతున్నారో చెప్పమంటేనే మహామహులు నీళ్లు నమిలారు."

ఎదురొచ్చిన ఆయా తలవంచుకుని పక్కకు తప్పుకుంది. గదిలోంచి కూతురి వెక్కిళ్లు సన్నగా వినిపిస్తున్నాయి. ఆ చప్పుడు ఆయన చెవిన పడకూడదని ఫిజియోథెరపిస్టు గొంతు పెంచి ఇంకో ప్రశ్న వేసింది. ఆయన ఓపిగ్గా జవాబు చెప్పారు. అడుగు, అరడుగు, జానెడు, బెత్తెడు. ఇరవై గజాల వరండాకు గంట పట్టింది. ఆ చాదస్తానికి ఆమెకు విసుగొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

చివరికి తలుపు చేతికందే దూరంలోకి వచ్చారు. మాస్టారి చెయ్యి మాత్రం లేవలేదు.

"ఇంకొక్క అడుగే మాస్టారూ. అమ్మగారు మీకోసం చూస్తుంటారు" అని అబద్ధమాడింది.

ఆయన ఆమె చేతి మీద చెయ్యి వేశారు.

"రోజూ పొద్దున ఆరింటికల్లా, నేను మందులు వేసుకున్నానో లేదో కనుక్కోమని నర్సుతో కబురు పెట్టేది. ఇవాళ ఎవరూ రాలేదమ్మా. ఈ తలుపు తీసేదాకానైనా తను ఉన్నట్టే కదా అని, ఇంతసేపు నడిచాను."