ఒక్క ముక్కా కల్పించలేదు

గడియారాల మెకానిక్ బ్లాగుకి తొమ్మిది వందల మంది పాఠకులు. పేరు ‘రోజుకో తిట్టు’. తిట్టేది వాళ్ళావిడ. తినేది అతను. పొద్దున తిన్నదాన్ని దుకాణం తెరవగానే, మొదటి గిరాకీ వచ్చేలోపు, ఐదు నిమిషాల్లో రాసి పడేసేవాడు.

ఆవిడకి ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఇంకేమైనా ఉందా!

“మంచి బ్లాగుకి ఏం కావాలి గురూగారూ?” అని ఒక పాఠకుడు అడిగాడు.

“నిజం కావాలి. నేను విన్నది విన్నట్టు రాస్తాను. ఒక్క ముక్కా కల్పించను,” అని జవాబు పెట్టాడు.

అబద్ధం కాదు. మొన్నటికి మొన్న తిన్న తిట్టు ఇది: “లోకంలో ఆగిపోయినవన్నీ నడిపిస్తారు. మన వంటింటి కొళాయి కారుతుంటే మాత్రం ఆపలేరు.” దానికి నూట నలభై కామెంట్లు.

పొగడ్త తలకెక్కింది. ఐదు నిమిషాల్లోనే ఇంత రాస్తే, తీరిగ్గా కూర్చుంటే ఇంకెంత రాస్తానో అనుకున్నాడు. దుకాణానికి నెల రోజులు తాళం వేశాడు. వెనకగదిలో బల్ల వేసుకున్నాడు. వంటింట్లోకి వెళ్ళాడు. ఆవిడ పాలు పొంగేలోపు సరుకుల పుస్తకంలో ఏదో రాసుకుంటోంది.

“ఏమేవ్, నేను రాసుకోవాలి. నాకు ప్రశాంతత కావాలి. ఈ నెల రోజులూ నన్నేమీ అనకు.”

ఆవిడ తలెత్తి చూసింది.

“సరేలెండి,” అని పుస్తకం మూసేసింది.

మాట మీద నిలబడింది కూడా. కొళాయి కారుతూనే ఉంది. అతను తడి తువ్వాలు మంచం మీద పడేస్తే తీసి ఆరేసింది. కిక్కురుమనలేదు.

మొదటి వారం సూర్యోదయం గురించి రాశాడు. రెండో వారం మౌనం గురించి రాశాడు. మూడో వారం, రాయడానికి తీరిక ఎలా చేసుకోవాలో రాశాడు. “అమ్మగారు కులాసానా?” అని ఒకరు అడిగారు. “పుట్టింటికి గానీ వెళ్ళారా?” అని ఇంకొకరు. తర్వాత అడిగేవాళ్ళూ పోయారు. చివరికి మిగిలింది పదకొండు మంది, తనతో కలిపి.

నిజంగానే ఏడుపొచ్చింది. తనని రచయిత అన్నది ఈ లోకంలో ఆ తొమ్మిది వందల మందే.

వంటింట్లోకి వెళ్ళి, ఆవిడ చూస్తుండగా, కావాలనే కప్పు కింద పడేశాడు. ఆవిడ చీపురు తెచ్చి ముక్కలు ఊడ్చింది.

“ఒక్కటంటే ఒక్క తిట్టు తిట్టవే, నీకు పుణ్యముంటుంది!”

“ఉన్నపళంగా తిట్టమంటే ఎలా వస్తుందండీ? రేపు చూద్దాం,” అని ముక్కలు పారేయడానికి బయటికెళ్ళింది.

హమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో టీ పెట్టుకుందామని చక్కెర డబ్బా తీశాడు. ఖాళీ. సరుకుల్లో చక్కెర రాద్దామని ఆవిడ పుస్తకం తెరిచాడు.

దాన్నిండా, రెండేళ్ళుగా తను బ్లాగులో పెట్టిన తిట్లన్నీ వరసగా ఉన్నాయి, ఆవిడ దస్తూరీలో, కొట్టివేతలతో సహా, ఒక్కొక్కటీ తను దాన్ని తిన్న రోజుకి ముందురోజు తారీఖుతో.