ఎదురుకొట్టు బల్ల

“జోళ్ళెన్నున్నాయి?” గల్లాపెట్టె వెనకనుంచి తల ఎత్తకుండానే అడిగాడు శివరామ్.

గుమాస్తా సూరయ్య గుమ్మం దాకా వెళ్ళి, రోడ్డుకు అవతల హేమచంద్ర పట్టుచీరల కొట్టు ముందు విడిచిన జోళ్ళు లెక్కపెట్టి వచ్చాడు. “ఇరవైరెండు జతలు బాబూ.”

“నిన్న?”

“పద్దెనిమిది.”

శివరామ్ గల్లాపెట్టె మూత దభీమని వేశాడు. బరంపురంలో తాతల నాటి పట్టుచీరల కొట్టు తనది. పొలసర నుంచి పాత్రపూర్ దాకా పెళ్ళివారంతా తన మెట్లే ఎక్కేవారు. ఇప్పుడు తన గుమ్మంలో ఉన్నవి రెండే జతలు. వాటిలో ఒకటి సూరయ్యది.

అంతా ఆ బల్ల చేసిన పని. హేమచంద్ర భువనేశ్వర్ నుంచి తెప్పించాడు. దానిమీద చెక్కముక్కలుంటాయి. గుండ్రటిది చీర ఒళ్ళు, పొడుగుది అంచు, మూడు మూలలది పైట. ముక్కని జరిపినా తిప్పినా లోపలి కంప్యూటరు పసిగట్టి, గోడమీది తెరలో చీర రంగులు మారుస్తుంది. నచ్చినదాన్ని నేతగాళ్ళు అచ్చం అలాగే నేసి ఇస్తారు. వచ్చిన కొత్తలో దాని మొహం చూసినవాడు లేడు, హేమచంద్ర ఈగలు తోలుకున్నాడు. అయినా శివరామ్‌కి ముద్ద దిగలేదు. ఎదుటివాడు నష్టపోయినా, తనకన్నా కొత్తగా నష్టపోయాడే అని ఏడ్చే రకం.

ఆ రోజుల్లోనే భార్య వాసవీకుమారిని పిలిచాడు. ఇంటి ఆడవాళ్ళు సరుకు ముట్టుకోకూడదని నియమం పెట్టి, ఇరవయ్యేళ్ళుగా ఆవిణ్ణి తన కొట్టు మెట్లు ఎక్కనివ్వలేదు. అందుకని ఆవిణ్ణి చూసి పోల్చుకునేవాళ్ళు ఉండరని ధీమా.

“ఓపాలి ఆ కొట్టుకెల్లి, బల్ల సంగతేటో సూసీసి రా.”

ఆవిడ వెళ్ళివచ్చి, “ఏటీ లేదండి. సెక్కముక్కలు, అంతే,” అంది.

“అంతేనంటే ఎలాగ? సరిగ్గా సూసుండవు. రేపూ ఎల్లు.”

ఎన్నిసార్లు వెళ్ళొచ్చినా అదే మాట. ఈలోగా పెళ్ళిళ్ళ రోజులొచ్చాయి, ఎదురుకొట్టు కిటకిటలాడింది.

జోళ్ళు లెక్కపెట్టించిన రోజు మధ్యాహ్నం పొలసర పుణ్యవతి వచ్చింది. మూడు తరాలుగా వాళ్ళింటి పెళ్ళిచీరలు శివరామ్ కొట్లోవే. ఆవిడ చాపమీద కూర్చోలేదు.

“శివరామూ, ఏటీ అనుకోకు. మా మనవరాలి పెల్లికి సీరలన్నీ ఎదురుకొట్లోనే సెప్పీసినాం.”

“కంప్యూటర్ని నమ్మీసేరా పిన్నీ?”

“కంప్యూటరేటి, నా మొకం. మేం జరిపితే సూసినోల్లు నవ్వీసేరు. ఆడ ఒకాయమ్మ కూకుంటాది. పిల్ల మొకం సూస్తాది, రెండు ముక్కలు జరుపుతాది. మా సౌందర్యకి కల్లంట నీల్లు తిరిగిపోనాయి. ఏం హస్తవాసి నాయనా. ఊల్లన్నీ ఆయమ్మ కోసమే వొస్తన్నాయి.”

శివరామ్‌కి కడుపు మండింది, ప్రాణమూ లేచివచ్చింది. బల్లని కొనడం తనవల్ల కాదు గానీ మనిషిని లాక్కోవచ్చు. ఆవిడ రాకపోతే ఈ ఏడు కొట్టు మూతే.

భోజనానికి వెళ్ళి, వడ్డిస్తున్న వాసవీకుమారిని అడిగాడు. “ఆ బల్లకాడ ఒకావిడుంటాదట. ఎవురు?”

“ఈ ఊరేనండి.”

“హేమచంద్ర ఏటిస్తన్నాడు?”

“టీ ఇస్తాడండి.”

“ఊరికే ఎందుకెల్తాది? ఎవుడో ఎనకుండి పంపుతున్నాడు. మన మీద కల్లల్లో నిప్పులు పోసుకున్నోడు.”

“అయ్యుంటాదండి,” అంటూ ఆవిడ మజ్జిగ పోసింది.

“నాలాటోడు పోయి దండం పెట్టినా తప్పులేదు. గల్లాపెట్టి పక్కన కుర్చీ యేసి కూకోబెడతాను.”

మర్నాడు పొద్దున్నే, సిగ్గు చంపుకుని, రోడ్డు దాటి ఆ గుమ్మంలో తన జోళ్ళు విడిచాడు శివరామ్. లోపల ఇసుక వేస్తే రాలనంత జనం. రోజూలాగే వాసవీకుమారిని పంపాడు గనక, ఈ గుంపులో ఎక్కడో నిలబడే ఉంటుంది. కనిపిస్తే నవ్వుతుందేమోనని తల దించుకుని నడిచాడు.

తెరమీద చీర చూసి ఆగిపోయాడు. లేత మామిడాకు ఒళ్ళు, ఇటుకరంగు అంచు. ముప్ఫై ఏళ్ళుగా పట్టు అమ్ముతున్నా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టాలని తనకెప్పుడూ తోచలేదు. పక్కన ఒడియా ఆవిడ “భారి సుందర్” అని మురిసిపోతోంది. అసూయతో ఒళ్ళు కాలింది. అయినా రెండు చేతులూ జోడించి, ఇద్దరి భుజాల మధ్యనుంచి బల్లవైపు వంగాడు.

చెక్కముక్కలు జరుపుతున్నది వాసవీకుమారి.