రామలింగం బండి చప్పుడు

"రామలింగం బండి ఎట్ల మోగుతదో నా బండి గట్లనే మోగాలె. నీతోని అయితదా, కాదా?"

కైలాసం అడిగిన తీరుకు మెకానిక్ అంజన్ చేతిలోని పానా కింద పెట్టాడు. కైలాసం అఫ్జల్‌గంజ్‌లో పప్పుల టోకు వ్యాపారి. ఆయన హెరాల్డ్ కారు పరుగులో దేనికీ తీసిపోదు, కానీ పిల్లిలా చప్పుడు లేకుండా పోతుంది. ఎదురు దుకాణం రామలింగానిది మాత్రం ఫియట్ కారు. అది రోజూ కైలాసం ఇంటి ముందు నుంచే పోతుంది; హుస్సేనీ ఆలం మలుపు తిరగకముందే గల్లీ అంతటికీ తెలిసిపోతుంది.

"ఆయనది బొంబాయి సైలెన్సర్, సేటూ. ఆరు వందలు."

"ఆరు వందలా? ఉత్త చప్పుడుకు?"

"తక్కువల అంటే ఇగో, ఇది జీపుది. రెండు వందలకిస్త." అంజన్ మూల పడున్న పాత సైలెన్సర్‌ను వేలితో కొట్టి చూపించాడు. అది చిల్లుబిందెలా పలికింది.

"ఇంకా తక్కువల?"

"మీ సైలెన్సర్‌నే కోసి, లోపలి జాలీలు తీసేసి, పైపు అతికిస్త. అరవై. కాని సేటూ, చప్పుడు పెరిగితే స్పీడు పెరగదు. ఉల్టా ఇంజిన్ దమ్ము తగ్గుతది. ఫాయిదా ఏం లేదు."

"ఫాయిదా సంగతి నాకు ఇడిచిపెట్టు. నువ్వు కొయ్యి."

ఫాయిదా నష్టాల సంగతి కైలాసానికి ఒకరు చెప్పాలా? ఆయన కడుపుమంట వేరు. నిన్న తలనొప్పిగా ఉందని కారు దుకాణం దగ్గరే వదిలేసి, రిక్షాలో పెందలాడే ఇల్లు చేరాడు. వెనక గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా మలుపులో రామలింగం ఫియట్ మోగింది. లోపల భార్య కమల చేస్తున్న పని వదిలేసి గబగబా లేచింది. మొహం కడుక్కుంది, బొట్టు దిద్దుకుంది, అద్దంలో చూసుకుంటూ మల్లెపూలు తురుముకుంది. ఆ తర్వాత వెళ్లి వీధి కిటికీ దగ్గర నిలబడింది. వెనక మొగుడు నిలబడి చూస్తున్నాడని ఆమెకు తెలియదు.

కైలాసం వచ్చిన దారినే చప్పుడు చేయకుండా బయటికి వెళ్లిపోయాడు. పక్క గల్లీలో ఒక చుట్టు తిరిగి, రోజూ వచ్చే వేళకు మళ్లీ వచ్చాడు. కమల నవ్వుతూ ఎదురొచ్చింది. తల్లో అవే పూలు. వాడి కోసం పెట్టుకున్న పూలతో నాకు అన్నం వడ్డిస్తుందా అనుకుంటూ సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఇన్నేళ్లూ ఆ నవ్వు తనదే అనుకున్నాడు.

ఇక ఈరోజు ఆ చప్పుడులోంచి తానే దిగాలి. తనను చూడగానే ఆమె మొహం ఎలా మాడిపోతుందో కళ్లారా చూడాలి.

అతుకు పూర్తయ్యింది. అంజన్ ఇంజిన్ మోగించాడు. కైలాసం కళ్లు మూసుకుని విన్నాడు.

"ఉహూఁ. పల్సగుంది. వానిది ఇంకొంచెం లావు."

అంజన్ పైపు మార్చాడు.

"ఇప్పుడు ఎక్కువైంది. వానిది ఆఖర్ల ఒక దగ్గు దగ్గుతది, సూడు."

"సేటూ, రామలింగం సేటుకు గూడ ఆయన బండి గింత ఎరుక ఉండది!" అని అంజన్ నవ్వాడు. కైలాసం నవ్వలేదు. నాలుగోసారికి అచ్చం అదే చప్పుడు కుదిరింది. ఆయనకు ఒళ్లంతా మండింది.

రోజూ రామలింగమే ముందు దుకాణం కట్టేసి బండెక్కుతాడు. కైలాసం గల్లాపెట్టెకు అగరొత్తి వెలిగించి, దండం పెట్టి, తాళాలన్నీ లాగి చూసుకునేసరికి ఆ ఫియట్ ఎప్పుడో ఈయన ఇల్లు దాటిపోయి ఉంటుంది. ఈరోజు కైలాసం అగరొత్తి వెలిగించలేదు. తాళాలు గుమస్తా చేతిలో పడేసి, రామలింగం ఇంకా గల్లా ముందు కూర్చుని ఉండగానే బయలుదేరాడు.

హుస్సేనీ ఆలం మలుపులో హెరాల్డ్ మోగింది. అరుగుల మీద కూర్చున్నవాళ్లు తలెత్తకుండానే "రామలింగమొచ్చిండు" అనుకున్నారు. కైలాసం ఇంటికి కాస్త ఇవతలే ఇంజిన్ ఆపేసి, వెనక గుమ్మంలోంచి లోపలికి నడిచాడు. ఆమె అద్దం ముందు లేకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది కూడా.

కమల అద్దం ముందే ఉంది. తడి మొహం, వేలి కొసన కుంకుమ.

అద్దంలో మొగుణ్ని చూసి ఉలిక్కిపడింది. "అయ్యో, మీరా!"

"నేనే. ఎవరొస్తరనుకున్నవ్?"

"గదేంది, గట్ల అడుగుతున్నరు?"

"ఆ చప్పుడు ఇనవడంగనే ఉరుకుతున్నవ్ గదా. నిన్న నా కండ్లతోని సూసిన. బొట్టు, పూలు, కిటికీ... ఎవరి కోసం గీ సోకులన్ని? చెప్పు కమలా. వాని కోసమేనా?"

మాట అర్థమయ్యాక కమల ముందు నివ్వెరపోయింది, ఆ తర్వాత చిన్నపిల్లలా సిగ్గుపడింది.

"మీ బండికి చప్పుడే లేకపాయె, నాకెట్ల తెలుస్తది? రామలింగమన్న బండి పోయినంక సరిగ్గ పది నిమిషాలకు మీరొస్తరని, తొమ్మిదేండ్ల సంది గా చప్పుడు ఇనే తయారైతున్న."