విన్చి మీద గిడుగు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురు. వాకిట్లో నాయనమ్మ నాంచారమ్మ, లారీ కింద నాన్న అంకారావు, లారీ ముందు శివపార్వతి. అమ్మ కనిగిరిలో పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో టార్పాలిన్ పట్టా మాత్రం ఒక్కటే. దర్శి వైపు నుంచి అకాలపు మబ్బు కమ్ముకొస్తోంది.

"పట్టా ఇటు తేవే! కాయ తడిస్తే రంగు పోద్ది!" వాకిట్లో ఎండబోసిన మిరపకాయల చుట్టూ తిరుగుతూ అరిచింది నాంచారమ్మ.

"విన్చి తడిస్తే తుప్పు పడుతుంది నాయనమ్మా," అంది శివపార్వతి, తనకే వినపడనంత మెల్లగా.

అది మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మేసిన లారీ. ముందు బంపరు మీద ఇనుప తాడు చుట్టిన డ్రమ్ము. అంకారావు దాన్ని విన్చి అనేవాడు, ఊరు లాగుడు మిషను అనేది. దారికి ఇంకా కంకర పడని రోజులవి. నాలుగు చినుకులకే పత్తి లారీలు రేగడిలో ఇరుసుల దాకా దిగబడేవి. లాగడం అంకారావు పని. తర్వాత పళ్ళచక్రాల్లో మట్టి పుల్లతో గీకి, తాడు తుడిచి, గ్రీజు పట్టించి, పట్టా కప్పడం శివపార్వతి పని. ఈసారి ఏ బండి దిగబడినా విన్చి లీవరు నీ చేతే వేయిస్తానని నాన్న మాటిచ్చాడు. అప్పట్నుంచి ఆ పిల్ల మబ్బుల కోసం చూస్తోంది.

"కాయ మీద పట్టా, మిషను మీద గోతం!" లారీ కింద నుంచి తీర్పు చెప్పాడు అంకారావు.

"గోతం నీళ్ళు పీలుస్తుంది నాన్నా."

పట్టా నాయనమ్మకిచ్చేసి, బడికి వేసుకెళ్ళే తాటాకు గిడుగు తెచ్చి విన్చి మీద బోర్లించింది. గాలికి లేచిపోకుండా బంపరు మీద కూర్చుని రెండు చేతులా పట్టుకుంది. వాన ఆమె మీద పడింది.

"మనిషి తడిసినా మిషను తడవకూడదు! దాన్నే పెళ్ళాడతావేంటే?" అంది నాంచారమ్మ.

వాన వెలిసేసరికి మోకాళ్ళ దాకా బురదతో ఊరి కుర్రాడు యేసుపాదం పరుగెత్తుకొచ్చాడు. "అంకారావన్నా! వాగులో పత్తి లారీ దిగబడింది. నీళ్ళొస్తన్నయ్!"

"ఎక్కవే పార్వతీ! లీవరు నీదే!"

శివపార్వతి ఒక్క గంతులో లారీ మెట్టు మీద కాలు పెట్టింది.

"ఆగవే!" నాంచారమ్మ కేక. "పరికిణీకి వెనకాల ఆ ఎరుపేంటి?"

శివపార్వతి వెనక్కి తిరిగి చూసుకుంది. "రంగు నాయనమ్మా. పొద్దున నాన్న బంపరుకి వేసుంటాడు. దాని మీద కూర్చున్నాగా."

"నేనింకా రంగు డబ్బా మూతే తియ్యలేదమ్మా," అన్నాడు అంకారావు. అన్నాక ఏదో తట్టినట్టు తల తిప్పుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. యేసుపాదం కూడా నేల చూపులు చూశాడు.

నాంచారమ్మ గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "లోపలికి రా తల్లీ." చెయ్యి పట్టుకుని మూలగదిలోకి తీసుకెళ్ళి తాటాకు చాప పరిచింది. "ఇక్కణ్ణించి కదలమాక. ఇంకెప్పుడూ ఆ మిషను జోలికి పోమాక."

బయట లారీ కదిలింది.

"నాన్నా! తాడు తుడవకుండా చుట్టకూ! గిడుగు మర్చిపోకూ!"

పుట్టి పదమూడేళ్ళకు మొదటిసారి శివపార్వతి గొంతెత్తి అరిచింది. అది వాగు దాకా వినపడేదే, పెద్దమనిషయిన పిల్ల అరవకూడదని నాయనమ్మ తలుపు మూసెయ్యకపోతే.